ఈ నొప్పి ఒక్కటే కనిపించిందా?

పోయిన వారం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. కార్తీకం కదా, వికారాబాద్‌లో ఉన్న చుట్టాలు, తాండూరు నుంచి మా తమ్ముడు వాళ్ళు, అందరూ కలిసి ఇరవై మంది దాకా వచ్చారు. భోజనాలు వడ్డిస్తుంటే మా పెద్దాడబిడ్డ నా ఎడమ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమైందే నీ వేళ్ళకు? గీతలు గీతలు పడ్డయేంది?"

"గిటారు నేర్చుకుంటున్న వదినా. తీగలు నొక్కితే అట్లయితది" అన్నాను.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నవ్వులు. ఆ తర్వాత సలహాలు. "నలభై ఆరేళ్ళకు గిటారేందే?" అని ఒకరు. "ఉత్తగ వేళ్ళు పాడు చేసుకునుడు" అని ఒకరు. "షుగరొచ్చే వయసు, పుండైతే మానదు" అని ఇంకొకరు. మా ఆయన కూడా వాళ్ళతో కలిసి, "నేను చెప్తే వినదు, మీరన్నా చెప్పండి" అన్నాడు.

నా ఎడమ చేతి వేళ్ళ మీద అంత చర్చ జరుగుతుంటే, నా కుడి చేతి మణికట్టు మీద ఆ రోజు పొద్దున గారెలు వేస్తుంటే నూనె చింది లేచిన బొబ్బ ఉంది. రూపాయి బిళ్ళంత. ఆ చేత్తోనే అందరికీ గారెలు వడ్డించాను. ఇరవై మందిలో ఒక్కరికీ అది కనిపించలేదు. కనిపించినా అడగాలనిపించలేదేమో. వంట చేసే చేతికి బొబ్బ ఉండటం గోడకు సున్నం ఉండటం లాంటిది.

నా కోపం గిటారు వద్దన్నందుకు కాదు. ఒకే మనిషి ఒంటి మీద రెండు నొప్పులుంటే, ఒకటి మాత్రమే "ఎందుకమ్మా నీకీ కష్టం" అనిపించుకోవడం ఏమిటి? ఈ ప్రశ్న వారం నుంచి నన్ను వదలడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఇంటి లెక్కలో చేరని నొప్పులు

మీరూ లెక్క వేసుకోండి. పచ్చిమిరపకాయలు తరిగిన రాత్రి వేళ్ళు మండుతాయి. కత్తిపీట తెగుతుంది. కొబ్బరి కోరితే గోరు కింద గుచ్చుకుంటుంది. చలికాలం గిన్నెల సబ్బుకు వేలి కొసలు పగులుతాయి. రొట్టెలు కాలుస్తుంటే పెనం తగులుతుంది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళలో వీటికి ఎవరైనా "వంట మానెయ్" అన్నారా? "పసుపు పెట్టుకో" అన్నారు. అంతే.

మా అమ్మ సంగతి చెప్తాను. తాండూరు చుట్టుపక్కల చేలల్లో ఆమె పత్తి ఏరింది, కంది కోసింది. ఎండిన పత్తికాయ తొడిమెలు సూదుల్లా ఉంటాయి. సాయంత్రానికి వేలి కొసలన్నీ గీరుకుపోయేవి. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి నేను సంబరపడి చెప్తే, అమ్మ తన అరచేతులు చూసుకుని "మంచిదే బిడ్డా" అంది. కొన్నేళ్ళ కింద రేషన్ దుకాణంలో వేలిముద్ర పెట్టమంటే మిషన్ ఆమె వేలిని పట్టలేదు. బియ్యం కోసం మూడుసార్లు తిరిగింది. కంటిపాపతో గుర్తుపట్టే పద్ధతి వచ్చాక గానీ ఆ తిప్పలు తగ్గలేదు. ఆమె వేలిముద్రలు అరిగిపోయాయని ఇంట్లో మాకు మిషన్ చెప్తే తెలిసింది.

మా నాయిన తాండూరు బండల పాలిషింగులో పనిచేశాడు. ఆ నీలం బండలు మీ ఇంట్లోనూ ఉండి ఉంటాయి, తెలంగాణలో అవి పరవని వాకిలి తక్కువ. పాలిష్ పట్టేటప్పుడు రోజంతా నీళ్ళు, రాతి పిండి కలిసిన బురదలో చేతులుంటాయి. నానిన చర్మం, గరుకు రాయి. రాత్రి అన్నం కలుపుకుంటుంటే పచ్చడి తగిలి ఉస్సుమనేవాడు. మేము నవ్వేవాళ్ళం. చిన్నపిల్లలం, తెలియదు.

తెలుగులో ఒక మాట ఉంది, గమనించారా? చెయ్యి రాపిడికి మొద్దుబారి గట్టిపడితే "కాయ కాచింది" అంటాం. "పని చేసి చేసి చేతులు కాయలు కాచాయి" అంటాం. చెట్టు కాసినట్టే చెయ్యి కూడా కాస్తుందని మనవాళ్ళు అనుకున్నారు. బీఏలో మూడేళ్ళు తెలుగు చదివాను గానీ ఈ మాట నా వేలి మీదకు వచ్చేదాకా నాకు పట్టలేదు. నాగలి పట్టిన చేతికి, రోకలి పట్టిన చేతికి కాయ కాస్తే గౌరవం. గిటారు పట్టిన ఇల్లాలి చేతికి కాస్తే నవ్వులాట.

"అది అవసరం, ఇది సరదా" అనేవాళ్ళకు

దీనికి జవాబు నాకు తెలుసు, మా ఆయనే చెప్పాడు. "వంట తప్పదు, గిటారు తప్పుతుంది. తప్పించుకోగలిగిన నొప్పిని తెచ్చిపెట్టుకోవడం ఎందుకు?" అన్నాడు. ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. నేనూ రెండు రోజులు ఆలోచించాను.

మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటాడు. రోజూ జిమ్‌కి పోతాడు. సెలవులకు వచ్చినప్పుడు వాడి అరచేతుల్లో వేళ్ళ మొదళ్ళ దగ్గర నాలుగు కాయలు. ఇనుప కడ్డీ పట్టుకుని వేలాడితే వచ్చినవి. వాడి నాన్న ఆ చేతులు పట్టుకుని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చూపించాడు. "చూడండి, ఎంత కష్టపడుతున్నడో!" అని. జిమ్ తప్పని పనా? కాదు కదా. అది కూడా తెచ్చిపెట్టుకున్న నొప్పే. మా ఆయన కుర్రతనంలో క్రికెట్ ఆడి విరగ్గొట్టుకున్న చిటికెన వేలు ఇప్పటికీ వంకరగానే ఉంటుంది. ఆ కథ మా పెళ్ళిచూపుల్లో కూడా చెప్పారు, గొప్పగానే. అనంతగిరి కొండకు చెప్పులు లేకుండా నడిచి వెళ్ళి అరికాళ్ళు బొబ్బలెక్కితే మొక్కు అంటాం, దణ్ణం పెడతాం.

అంటే తప్పించుకోగలిగిన నొప్పి మనకు కొత్త కాదు, చిన్నచూపు కూడా కాదు. అది ఎవరిది, ఏ వయసుది అన్నదాన్ని బట్టి మన మర్యాద మారుతుంది. కుర్రవాడి కాయ పట్టుదల. భక్తుడి బొబ్బ పుణ్యం. పెళ్ళి కావలసిన పిల్ల వీణ నేర్చుకుంటూ వేళ్ళు కోసుకుంటే సంప్రదాయం. ఈమని శంకరశాస్త్రి గారు, చిట్టిబాబు గారు వాయించిన వాద్యమే అది, వీణ వాయించేవాళ్ళ ఎడమ చేతి రెండు వేళ్ళ మీద నల్లటి గాడులు పడతాయి, పక్కన కొబ్బరినూనె గుడ్డ పెట్టుకుని వాయిస్తారు. వాళ్ళను చూసి ఎవరూ "వేళ్ళు పాడు చేసుకున్నారు" అనరు. ఇల్లాలు నలభై ఆరేళ్ళకు తన కోసం తాను ఒక పని మొదలుపెడితే మాత్రం మొదట కనిపించేది ఆమె వేలు. ఆ వేలి మీద జాలి చూపించి పని ఆపించడం చాలా సులువు. తిడితే ఎదిరిస్తాం. జాలిపడితే ఏం చేస్తాం?

ఒక సంగతి ఒప్పుకుంటాను. షుగరు మాట ఎత్తినావిడది నిజమైన భయమే. షుగరున్నవాళ్ళు వేలు తెగకుండా, పుండు పడకుండా చూసుకోవలసిందే. డాక్టరును అడిగి మొదలుపెట్టడం మంచిది. కానీ ఆవిడే పప్పు గిన్నె మసిగుడ్డ లేకుండా దింపమని నాకు చెప్పింది, అదే మధ్యాహ్నం.

ఓర్చుకోమనేవాళ్ళూ నాకు నచ్చరు

ఇంతవరకూ చదివి, "అయితే నొప్పి ఓర్చుకోవాలి, కష్టే ఫలే" అని నేను అంటున్నాననుకుంటే పొరపాటు. ఆ రెండో గుంపు మీద నాకు ఇంకా ఎక్కువ కోపం. దానికి కారణం మా మేనకోడలు. ఇందులో నా తప్పూ ఉంది.

మా తమ్ముడి కూతురు తాండూరులో చదువుతుంది. పోయినేడు వేసవి సెలవుల్లో, ఎనిమిది అయిపోయి తొమ్మిదిలోకి వెళ్తూ గిటారు కావాలని మారాం చేసింది. ఆన్‌లైన్లో నాలుగున్నర వేలకు కొనిచ్చారు. నేర్పే అతన్ని ఒకరిని పెట్టారు. మూడు వారాలయ్యాక నేను పుట్టింటికి వెళ్ళాను. పిల్ల వేళ్ళు చూసి గుండె జారింది. మూడు వేళ్ళ మీద బొబ్బలు, ఒకటి చిట్లింది. "సార్‌కు చెప్పలేదా?" అంటే, "రక్తం వస్తేనే సంగీతం వస్తది, నేనూ గట్లనే నేర్చుకున్న అన్నడు అత్తా" అంది.

ఆ సారు ఒక్కసారి కూడా ఆ గిటారును చేతిలోకి తీసుకుని చూడలేదట. తన గిటారు తనది, పిల్ల గిటారు పిల్లది. నొక్కు, గట్టిగా నొక్కు, అంతే పాఠం.

నేనేం చేశాను? మా తమ్ముడితో, "ఎందుకురా పిల్లను చంపుతున్నరు? దానికి చేత కాకపోతే వదిలెయ్యండి. తీసి పైన పెట్టండి" అన్నాను. దానికి చేత కాకపోతే అన్న మాట పిల్ల ముందే అన్నాను. పిల్ల ఏడవలేదు, ఎదురు మాట్లాడలేదు. గిటారును కవర్లో పెట్టి జిప్ వేసి వాళ్ళ నాన్న చేతికిచ్చింది. అది సజ్జ ఎక్కింది.

దసరాకు వెళ్ళినప్పుడు, ఉత్తగ పడుందక్కా, మీ వాడికి తీసుకుపో అని తమ్ముడు ఇచ్చాడు. తాండూరు నుంచి వికారాబాద్‌కు రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మా అబ్బాయి రెండు రోజులు టింగు టింగుమనిపించి హాస్టల్‌కు వెళ్ళిపోయాడు. ఇల్లు ఖాళీ. ఈ ఏడు ఆషాఢంలో, ఒక వాన మధ్యాహ్నం, నేను దాన్ని తీశాను.

పది రోజుల్లో నా వేళ్ళకూ అదే గతి పట్టింది. చూపుడు వేలు చిట్లింది. కానీ నాకు పద్నాలుగేళ్ళు కావు, నలభై ఆరు. పెనం సరిగ్గా కాలకపోతే రొట్టెను తిట్టకుండా పొయ్యి చూసే అలవాటున్న వయసు. ఇదేదో నా చేతి తప్పు మాత్రమే కాదనిపించింది. హైదరాబాద్ వెళ్ళిన పనిలో ఒక రిపేరు చేసే పెద్దాయనకు చూపించాను.

ఆయన ఒక చిన్న స్కేలు తీసి పన్నెండో మెట్టు దగ్గర పెట్టాడు. తీగకూ మెట్టుకూ మధ్య నాలుగు మిల్లీమీటర్ల ఎడం. "రెండు, రెండున్నర ఉండాలమ్మా. దీని మీద ఎవరు వాయించినా వేళ్ళు కోసుకుంటయి" అన్నాడు. తీగలు ఆనే కింది తెల్లటి పట్టీని తీసి అడుగు భాగం అరగదీశాడు. పన్నెండో మెట్టు దగ్గర ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గాలంటే ఆ పట్టీని దానికి రెండింతలు, అంటే మూడు మిల్లీమీటర్లు తగ్గించాలట. పైన తల దగ్గర తీగలు కూర్చునే గాడులు కొంచెం లోతు చేశాడు. తీగలు మార్చి సన్నవి వేశాడు. గంట పని. తీగలతో కలిపి తొమ్మిది వందల రూపాయలు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నాకు ఏడుపొచ్చింది. ఒకటిన్నర మిల్లీమీటరు. దాన్ని కొలవకుండా ఒకాయన పిల్లను "ఓర్చుకో" అన్నాడు, నేను "చేత కాదు" అన్నాను. ఇద్దరం చేసింది ఒకటే. వాద్యంలో ఉన్న తప్పును పిల్ల మీద వేశాం.

ఓర్పు కాదు, ఉపాయం

కష్టాన్ని పూజించేవాళ్ళు ఒక కథ వినాలి. టోనీ ఐయోమీ అని బ్లాక్ సబ్బాత్ బృందంలో గిటారు వాయించినాయన. ఇంగ్లండులోని బర్మింగ్‌హాం ఆయనది. 1965లో, పదిహేడేళ్ళ వయసులో, రేకుల ఫ్యాక్టరీలో చివరి రోజు పనిచేస్తుంటే మిషన్ కింద రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అందుకని పోయినవి సరిగ్గా తీగలు నొక్కే చేతి వేళ్ళే. కుంగిపోయి ఉంటే ఆ ఫ్యాక్టరీ మేనేజరే జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. 1928లో జరిగిన అగ్నిప్రమాదంలో రెండు వేళ్ళు దెబ్బతిన్నా మిగతావాటితో అంత గొప్పగా వాయించిన మనిషి జాంగో.

అప్పుడు ఐయోమీ ఏం చేశాడు? పళ్ళు బిగించి నొప్పి భరించాడా? లేదు. గిన్నెలు తోమే సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అతికించాడు. సన్నటి తీగలు వెతుక్కుని వేసుకున్నాడు. తర్వాత రోజుల్లో తీగల బిగువు కూడా తగ్గించి వాయించాడు. ఆ వదులు తీగల బరువైన మోతే ఆయన సంగీతానికి గుర్తయింది. పెద్ద విద్వాంసుడు వాద్యాన్ని తన వేళ్ళకు తగ్గట్టు మార్చుకుంటే అది తెలివి. ఎనిమిదో తరగతి పిల్ల తీగ వదులు చేయమంటే మాత్రం పట్టుదల లేనట్టా?

అందుకే ఈ ఐదు నెలల్లో నేను తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా "వేళ్ళు నొప్పి" అంటే, ఆపెయ్ అనేముందు, ఓర్చుకో అనేముందు, ఇవి చూడండి.

ముందు గిటారును చూడండి. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎంత ఎత్తులో ఉందో కొలవండి. ఎక్కువుంటే తగ్గించేవాళ్ళ దగ్గరకు తీసుకెళ్ళండి. చవకగా వచ్చే గిటార్లలో ఇది మామూలు లోపం.

తర్వాత తీగలు. ఉక్కు తీగల్లో లావు, సన్నం ఉంటాయి. దుకాణంలో "12 సెట్", "10 సెట్" అంటారు. మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన ఆ అంకె. 12 సెట్టులో ఆరు తీగలూ కలిసి దాదాపు డెబ్బై కిలోల బిగువుతో లాగుతుంటాయి. కొత్తవాళ్ళకు 10 సెట్టు చాలు. నైలాను తీగల గిటారు వేరే ఉంటుంది, దాని బిగువు ఇంకా తక్కువ, నలభై కిలోల చిల్లర. వేళ్ళకు అది మెత్తన. కానీ దాని మీద ఉక్కు తీగలు వేయకూడదు, బ్రిడ్జి ఊడి వస్తుంది. తీగలు తుప్పు పట్టి గరుకుగా ఉంటే మార్చేయండి. వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే ఎక్కువ రోజులు మన్నుతాయి.

రిపేరుకు వెళ్ళే వీలు లేకపోతే ఒక చిట్కా. ఆరు తీగలనూ రెండు మెట్ల మేర కిందికి వదులు చేసి, రెండో మెట్టు మీద కాపో బిగించండి. శ్రుతి మామూలుగానే ఉంటుంది, నొక్కడం తేలికవుతుంది.

ఇక చెయ్యి. వేలు మెట్ల మధ్యలో కాదు, మెట్టు కడ్డీకి దగ్గరగా పెట్టాలి. అక్కడ సగం బలం చాలు. ఎంత నొక్కాలో తెలియాలంటే, నొక్కి పట్టుకుని మెల్లగా వదులు చేస్తూ పొండి. తీగ జిర్రుమనే చోట ఆగి, పిసరంత ఎక్కువ నొక్కండి. అంతే కావలసింది. నేను మొదట్లో దానికి మూడింతలు నొక్కేదాన్ని, పిండి పిసికినట్టు. ఎడమ చేతి గోళ్ళు పొట్టిగా ఉండాలి.

సమయం కూడా ముఖ్యమే. గంటసేపు ఏకబిగిన వద్దు. పది నిమిషాలు, రోజుకు మూడుసార్లు. వేళ్ళ మీది చర్మం రాపిడికి పొరలు పొరలుగా మందమవుతుంది, దానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగా గట్టిపడటానికి నెలా రెండు నెలలు. బొబ్బ లేస్తే మానేదాకా ఆగాలి, చిట్లించకూడదు, గట్టిపడ్డ చర్మాన్ని గిల్లకూడదు. నెల రోజులు పూర్తిగా మానేస్తే మళ్ళీ మెత్తబడుతుంది.

మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. గిన్నెలు తోమాక, బట్టలు ఉతికాక, స్నానం చేశాక వెంటనే వాయించకండి. నానిన చర్మం తీగకు ఇట్టే తెగుతుంది. ఈ సంగతి తెలిశాక మా నాయిన పాలిషింగు చేతులు గుర్తొచ్చాయి. వాయించాలంటే గిన్నెల కంటే ముందే వాయించాలి. అంటే మధ్యాహ్నం సింకులో గిన్నెలుండగా మీరు గిటారు పట్టుకుని కూర్చోవాలి. వేళ్ళ నొప్పి కంటే ఇదే కష్టం, నన్నడిగితే. మొదటి వారం ఆ గిన్నెలు నా వైపే చూస్తున్నట్టుండేవి.

చివరగా, కొసల మంట వేరు, మణికట్టులో నొప్పి, వేళ్ళు తిమ్మిరెక్కడం, కీలు పట్టేయడం వేరు. ఈ రెండో రకం వస్తే ఆపి డాక్టరుకు చూపించుకోవాలి. అక్కడ మొండితనం పనికిరాదు.

ఇంత చేసినా మొదటి మూడు వారాలు కొంచెం నొప్పి ఉంటుంది. లేదని అబద్ధం చెప్పను. ఉండవలసిన నొప్పి ఎంత, ఎవరో కొలవక వచ్చిన నొప్పి ఎంత అన్నది విడదీసి చూడండి అంటున్నాను. ఇంటి పనుల్లో కూడా ఇదే అడగాలని ఇప్పుడు అనిపిస్తోంది. పిడి వదులైన కుక్కర్, మొద్దుబారిన కత్తిపీట, ఎత్తు చాలని గట్టు. వీటిని ఎన్నేళ్ళు ఓర్పు పేరుతో భరించాం! వ్రతం అయిన మర్నాడే కుక్కర్‌కు కొత్త పిడి వేయించాను. ఇరవై రూపాయలు.

మిగిలింది

కుడి చెయ్యి ఎప్పుడూ పిండిలోనో నీళ్ళలోనో ఉంటుందని నా ఫోనుకు ఎడమ చూపుడువేలు గుర్తు పెట్టుకున్నాను. శ్రావణంలో ఒకరోజు ఫోను ఆ వేలిని గుర్తుపట్టడం మానేసింది. మా ఆయన నవ్వాడు. నాకు మా అమ్మ, రేషన్ దుకాణం గుర్తొచ్చాయి. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను, నీ లెక్కనే నా వేలు కూడా అరిగిందమ్మా అని. "నాది కూలికి అరిగింది బిడ్డా. నీది పాటకు అరిగింది. అరగనియ్" అంది. నాకు అండగా మాట్లాడింది ఆమె ఒక్కతే.

వ్రతం రోజు మధ్యాహ్నం అందరూ వెళ్ళాక మేనకోడలు నా గదిలోకి వచ్చింది. మంచం పక్కన గిటారు చూసింది. నేను జరిగింది చెప్పాను. నాలుగు మిల్లీమీటర్ల సంగతి, అరగదీసిన పట్టీ సంగతి. "అప్పుడు నీకు చేత కాదన్నాను. తప్పు నాది, నీది కాదు" అన్నాను. చిన్నపిల్లల ముందు పెద్దవాళ్ళం ఈ మాట అనడం మన ఇళ్ళలో అలవాటు లేదు. నాకూ నోరు తిరగలేదు.

అది గిటారు తీసి ఒక్కసారి మొదటి తీగ నొక్కి మీటింది. "గిట్ల ఉంటదా!" అంది, ఆశ్చర్యంగా. ఆ తర్వాత కింద పెట్టేసింది. "ఇప్పుడు టెన్త్ కదత్తా. టైం లేదు. ఇంటర్ అయినంక చూద్దాం."

ఇంటర్ అయినంక ఎప్‌సెట్ వస్తుంది. ఎప్‌సెట్ అయినంక ఇంకొకటి. ఆ "చూద్దాం" ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. నాది ఇరవై రెండేళ్ళు పోయింది.

సంక్రాంతికి తాండూరు వెళ్ళేటప్పుడు ఆ గిటారు తీసుకెళ్ళి అక్కడే వదిలి వస్తాను. సజ్జ మీద కాదు, దాని చదువు బల్ల పక్కన. వాయించమని అడగను. నాకు ఇంకొకటి కొనుక్కుంటాను. డబ్బులు దాచుకున్నాను. మా ఆయనకు ఇంకా చెప్పలేదు. ఈ వ్యాసం చదివి తెలుసుకుంటాడు.

మీ ఇంట్లో సజ్జ మీద ఏమున్నాయి? కింద రాయండి. ఎవరు ఆపమన్నారో కూడా రాయండి. మీరే అయితే అదీ రాయండి.